పలక మీద లేని మనిషి

ప్రహ్లాద్ కుంచెను సబ్బు నీళ్ళలో ముంచి రబ్బరు అచ్చు లోపల మూలమూలకూ తిప్పుతున్నాడు. ఏ మూల పొడిగా మిగిలినా ప్లాస్టర్ అక్కడ పట్టేస్తుంది. తీసేటప్పుడు ఎవరి ముక్కో, ఎవరి వేలో ఊడివస్తుంది. అచ్చులో అన్నీ తిరగబడి ఉంటాయి. బొమ్మలో ఉబ్బెత్తుగా కనిపించే చెంపలు, మోకాళ్ళు, చెట్టు ఆకులు ఇక్కడ గుంటలు. కొత్తవాళ్ళకు అది ఏమిటో పోల్చుకోవడం కష్టం. ప్రహ్లాద్‌కు కళ్ళతో పని లేదు. వేలికొసతో తడిమి, ఇది చామరం పట్టుకున్నవాడి భుజం, ఇది దండం పెడుతున్న ఆడమనిషి కొప్పు అని చెప్పగలడు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఒకప్పుడు ట్రంకు పెట్టెలు చేసిన రేకుల షెడ్డు అది. ఏ వస్తువు ముట్టుకున్నా చేతికి తెల్లగా అంటుతుంది. ప్రహ్లాద్ పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కనుబొమలు వయసుకు నెరిశాయో, పొడికి నెరిశాయో ఎవరూ చెప్పలేరు. షెడ్డులోకి రాగానే ప్యాంటు మేకుకు తగిలించి లుంగీ కడతాడు. కొంతసేపు పని చేశాక ఆగి, నోరు తెరిచి, ఊపిరి అందేదాకా అచ్చు వైపే చూస్తూ నిలబడతాడు. ఈమధ్య అలా ఆగడం ఎక్కువైంది.

"గా ముసుగన్న కట్టుకోరాదే అన్నా," అంది జంగమ్మ. ఆమె మూతికి పాత చున్నీ చుట్టుకుని పీఓపీ, అదే ప్లాస్టర్ పొడి, జల్లెడ పడుతోంది. ఆమె కూడా ఈ షెడ్డులో చాలా ఏళ్ళుగా ఉంది.

"కట్టుకుంటే కండ్లద్దాలకు ఆవిరి పడుతది," అన్నాడు ప్రహ్లాద్.

అతని తండ్రి పాత దేవిడీల, అంటే నవాబుల కాలపు బంగళాల, పైకప్పులకు ప్లాస్టర్ పూలు, అంచులకు తీగలు చేసేవాడు. పరంజా మీద తండ్రికి గిన్నె అందిస్తూ, ఈ పువ్వు వెనక ఏముంటుందని చిన్న ప్రహ్లాద్ అడిగేవాడు. ఫ్యాను తగిలించే కొక్కెం ఉంటుందని తండ్రి చెప్పేవాడు. కొక్కెం వెనక ఏముంటుందని పిల్లవాడు మళ్ళీ అడిగేవాడు. ఆ అలవాటు వల్ల దెబ్బలూ తిన్నాడు. తర్వాత పైకప్పు పూల కాలం పోయింది. దేవిడీలు ఒక్కొక్కటే కూలి దుకాణాలయ్యాయి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఆబిడ్స్‌లో బొమ్మల దుకాణం పెట్టిన బుచ్చిబాబు అతణ్ణి వెతికి పట్టుకున్నాడు. ఎక్కడినుంచో ఒక పాత నకలు సంపాదించి, అమరావతి స్తూపం పలక అని చెప్పి అతని ముందు పెట్టాడు. మధ్యలో చెట్టు, చెట్టు కింద దిండు వేసిన పీఠం, రెండు పక్కలా మనుషులు. దానికి అచ్చు తీసింది ప్రహ్లాదే. రబ్బరు చీలినప్పుడల్లా కొత్త అచ్చు తీశాడు. ఆ పలక నకళ్ళు బ్యాంకుల గోడల మీదికి, పెద్దవాళ్ళ డ్రాయింగ్ రూముల్లోకి, ఆఫీసుల మెట్ల మలుపుల్లోకి వెళ్ళాయి. బుచ్చిబాబు పోయాక కొడుకు శశికిరణ్ దుకాణం చూసుకుంటున్నాడు.

ఆ శశికిరణే ఇప్పుడు సందులో బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చాడు.

"ప్రహ్లాదన్నా, ఆ సబ్బు కాసేపు ఆపు. వసుమతి గారు ఫోన్ చేశారు."

కాచిగూడలో వసుమతికి ఒక లాడ్జి ఉంది. దాన్ని ఇప్పుడు హోటల్‌గా మారుస్తోంది. రిసెప్షన్ వెనక గోడకు పెద్ద పలక కావాలంటే శశికిరణ్ ఈ పలక ఫొటో పంపాడు.

"బుద్ధుడి బొమ్మ అన్నారు, బుద్ధుడేడీ అంటున్నారావిడ. కౌంటర్ వెనక ఖాళీ కుర్చీ బొమ్మ పెడితే, వచ్చినవాళ్ళు మనిషి టీకి వెళ్ళాడనుకుంటారట."

జంగమ్మ పక్కున నవ్వింది. జల్లెడ లోంచి తెల్లటి పొడి గుప్పున లేచింది.

"ఆ పీఠం మీద బుద్ధుణ్ణి కూర్చోబెట్టగలవా అన్నా?"

"ఎందుకు గాదు? మట్టితోని చేసి పెడితే అయిపాయె."

"సాయంత్రం ఆవిడే వస్తారు. చూపిద్దాం. నచ్చితే అప్పుడే పోసేద్దాం. రంగులవాళ్ళు గోడ ఖాళీగా ఉందని ఎదురు చూస్తున్నారట."

శశికిరణ్ వెనక్కి తిరిగాడు. ప్రహ్లాద్ పిలిచాడు.

"శశి సారూ, గీ పీట మీద మొదలు ఎవరన్న ఉండి ఇరిగిపోయిన్రా? లేకపోతే చెక్కనే లేదా?"

"నాకేం తెలుసన్నా. నాన్న ఉంటే చెప్పేవారేమో," అని శశికిరణ్ వెళ్ళిపోయాడు.

ప్రహ్లాద్ కుంచె కింద పెట్టాడు. పాత రాళ్ళు కదా, ముక్కులు పోయినట్టే పీఠం మీది మనిషీ పోయి ఉంటాడని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. అడగాలని ఎప్పుడూ తోచలేదు. కొక్కెం వెనక ఏముందని అడిగినవాడికి ఇది ఎందుకు తోచలేదో ఇప్పుడు అతనికే వింతగా ఉంది. గోడకు ఆనించిన పాత నకలు దగ్గరికి వెళ్ళి పీఠం మీద వేలు పెట్టాడు. విరిగిన చోటు నకలులో కూడా గరుకుగానే వస్తుంది, వేలికి తెలిసిపోతుంది. ఇక్కడ గరుకు లేదు. దిండు మీది గుడ్డ మడతలు ఈ చివర మొదలై ఆ చివర దాకా తెగకుండా సాగుతున్నాయి. మనిషి కూర్చుని ఉంటే ఆ మడతలు కనపడే వీలే లేదు.

"జంగమ్మా, గీడ ఎవ్వరూ ఇరగలేదు. ఖాళీగనే చెక్కిండు."

"మరచిపోయిండేమో."

"గంతమంది జనాన్ని చెక్కి, నడుమల మనిషిని మరుస్తడా?"

అయినా ఒప్పుకున్న పని ఒప్పుకున్నదే. బంకమట్టి పిసికి అరచేతిలో పట్టేంత బుద్ధుణ్ణి చేశాడు. చేతులు ఒడిలో, కళ్ళు సగం మూసి, చెవులు భుజాల దాకా. బాగానే వచ్చాడు. తడి తగిలించి పీఠం మీద కూర్చోబెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు. జంగమ్మ కూడా చేతులు దులుపుకుని వచ్చింది.

"మంచిగున్నడు," అంది. తల ఒక పక్కకు వంచి చూసింది. "కని అన్నా, ఎవ్వరూ ఆయన్ని జూస్తలేరు గదా."

ప్రహ్లాద్ అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నిజమే. ముందు వరుసలో దండం పెడుతున్నామె బుద్ధుడి మోకాళ్ళ కిందికి చూస్తోంది. చామరం పట్టినవాడు బుద్ధుడి తల మీదుగా, ఎవరో నిలబడి ఉన్నట్టు పైకి చూస్తున్నాడు. బుద్ధుణ్ణి కొంచెం పైకి జరిపాడు. అప్పుడు ఇంకొకామె చూపు తప్పింది. కాస్త పెద్దవాణ్ణి చేశాడు. వెనక వరుస మొత్తం తప్పిపోయింది.

అతనికి పట్టుదల వచ్చింది. సంచుల మూతులు కుట్టే పురికొస చుట్ట తెచ్చి, ఒక్కొక్క బొమ్మ కంటి దగ్గర మట్టి చుక్క అంటించి, దానిలో గుండుసూది గుచ్చి, అది ఎటు చూస్తోందో అటు తాడు లాగాడు. రెండో కొస జంగమ్మ పట్టుకుని, చూపు కుదిరాక ఇంకో సూదికి చుట్టింది. కాసేపటికి పలక ముందు సాలెగూడు లాంటిది తయారైంది. తాళ్ళన్నీ పీఠం వైపే వెళ్ళాయి గానీ ఏ రెండూ ఒక్కచోట కలవలేదు. ఒకటి దిండు మీద ఆగింది, ఒకటి దాని పైన గాలిలో, ఇంకొకటి చెట్టు మొదట్లో.

"అచ్చులనే తప్పున్నదా, రాయిలనే గిట్లున్నదా?" అన్నాడు తనలో తాను. తర్వాత లుంగీ విప్పి ప్యాంటు వేసుకున్నాడు.

"ఏడికి పోతున్నవ్?"

"బాగ్‌లున్న మ్యూజియానికి. జర చూసొస్త."

పబ్లిక్ గార్డెన్స్ అక్కడికి దూరమేమీ కాదు. అయినా దారిలో చెరుకురసం బండి దగ్గర ఒకసారి, గేటు దగ్గర ఒకసారి నిలబడి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ఊళ్ళో అందరిలాగే అతనూ ఆ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీనే చూశాడు. చిన్నప్పుడు ఒకసారి, తర్వాత కూతుర్ని తీసుకుని ఒకసారి. బుద్ధుడి రాళ్ళున్న గదుల్లోంచి ఆగకుండా నడిచిపోయినట్టు గుర్తు.

ఇప్పుడు ఆగాడు. ఆకుపచ్చ కలిసిన పాలరంగు రాయి. తను పోసే ప్లాస్టర్ తెలుపు దీని ముందు సున్నం లాగా ఉంటుందనిపించింది. తన పలక మూలం అక్కడ లేదు. కానీ దాని చుట్టాల్లాంటివి చాలా ఉన్నాయి. ఒక రాయిలో స్తంభం మీద చక్రం, చుట్టూ మొక్కుతున్న జనం. ఒక దాంట్లో చెట్టు. ఒక దాంట్లో గుర్రం నడుస్తోంది, పక్కన ఒకడు గొడుగు పట్టాడు. గొడుగు కింద, జీను మీద ఎవరూ లేరు.

ఆ రాయి ముందు నేల మీద కూర్చుని ఒక అమ్మాయి బొమ్మ గీసుకుంటోంది. పేరు ప్రణవి అని తర్వాత చెప్పింది. యూనివర్సిటీలో వీటి మీదే చదువుతోంది.

"బిడ్డా, గీ గుర్రం మీది మనిషిని ఎవరన్న ఇరగ్గొట్టిన్రా?"

"లేదంకుల్, అట్లనే చెక్కిన్రు. బుద్ధుడు ఇల్లు ఇడిసిపెట్టి పోతున్న సీన్ అది. ఆయన గుర్రం మీదనే ఉన్నడు. మనకే చూపిస్తలేరు."

"ఎందుకట్ల?"

ప్రణవి పెన్సిల్ చెవి వెనక పెట్టుకుంది. "ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తరు. అంత గొప్పాయన్ని మామూలు మనిషి లెక్క చూపొద్దనుకున్నరని కొందరు. కొన్ని బొమ్మలల్ల ఉన్నది ఆయన కథ కాదు, ఆయన పోయినంక ఆయన కూసున్న జాగకు మొక్కనీకె వచ్చిన యాత్రికులని ఇంకొందరు. తర్వాత తర్వాత బుద్ధుణ్ణి గూడ చెక్కిన్రు, గా పక్క గదిల ఉన్నయి చూడున్రి. ఎందుకు మారిందంటే, నాకైతే ఇంకా సమజ్ కాలే అంకుల్."

ఇంత చదువుకున్న పిల్ల నాకూ తెలియదని అంత హాయిగా అనడం అతనికి బాగా నచ్చింది. తాళ్ళ సంగతి చెప్పాడు. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. వెంటనే లేచి, రాయికి తగలకుండా గాలిలో స్కేలు పట్టుకుని ఒక్కొక్క ముఖం నుంచీ చూపు కొలవడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకరి భుజం మీదుగా ఒకరు వంగి చూశారు. ఇక్కడా అంతే. జీను మీదికి ఒక చూపు, గొడుగు కిందికి ఒక చూపు, గుర్రం మెడ దాకా వచ్చి ఆగినది ఒకటి.

"నేనెన్నడు గిట్ల చూడలే," అంది ప్రణవి. "చెక్కినోడు కావాలనే చేసిండా, చేతికి అట్ల వచ్చిందా?"

"గదే నాకూ తెలుసుకోవాలనుంది. అమరావతిల గిప్పుడు ఏమున్నది బిడ్డా?"

"పెద్దగ ఏం లేదంకుల్. రాళ్ళు శానా మద్రాసుకు పోయినయి, కొన్ని లండన్‌కు పోయినయి. గాడ దిబ్బ లెక్క ఉంటది, చుట్టూ కొన్ని పలకలు."

"దిబ్బనే చూస్త," అన్నాడు ప్రహ్లాద్.

బయట తోటలో బల్ల మీద కూర్చుని వెంట తెచ్చుకున్న టిఫిన్ విప్పాడు. తింటూ భార్యకు ఫోన్ చేశాడు. విమల ఉస్మాన్‌గంజ్‌లోని వాళ్ళ రెండు గదుల ఇంట్లో రవికలు కుడుతుంది. ఫోన్ ఎత్తినా మిషన్ చప్పుడు ఆగలేదు.

"విమలా, ఐతారం అమరావతి పోదామా?"

మిషన్ ఆగింది. "ఏమున్నదాడ?"

"దిబ్బ ఉన్నదంట."

"దిబ్బ చూడనీకె గంత దూరం పోతరా ఎవరన్న?"

"ఇన్నేండ్లు గాడి బొమ్మలే పోస్తున్న గదా. ఒక్కపారి ఆ జాగల నిలబడి చూడాలె."

ఈయనకు ఇంకా ఏదో చూడాలనిపించడం విమలకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో ఎక్కడో దొరికిన పాత అర్ధణా బిళ్ళ మీది బొమ్మ ఎవరిదో కనుక్కుంటానని ఊరంతా తిప్పాడు.

"పోదాం తియ్. కని ముందుగాల దవాఖానకు పోవాలె. ఎన్నిసార్లు చెప్పాలె నీకు? చట్నీ తిన్నవా?"

"తింటున్న."

"మంచిగున్నదా?"

"ఔ," అని, డబ్బాలో తిరిగి పెట్టబోతున్న ముద్దను మళ్ళీ నోటికి తెచ్చుకున్నాడు.

సాయంత్రం వసుమతి శశికిరణ్ కారులో వచ్చింది. లావుగా, చురుగ్గా, చేతిలో రెండు ఫోన్లతో. చెప్పులకు తెల్లపొడి అంటుతుందని కొంగు, కాళ్ళు రెండూ ఎత్తి నడిచింది. పలక ముందున్న తాళ్ళ గూడు చూసి ఆగిపోయింది.

"ఇదేంటయ్యా పెద్దాయనా, దోమతెరా?"

"కాదమ్మా. ఎవరు యాడ చూస్తున్నరో తెలుసుకుందామని. జర గీ కొస పట్టుకోండ్రి."

ఆమె ఫోన్లు శశికిరణ్‌కు ఇచ్చి, నవ్వుతూనే తాడు కొస పట్టుకుంది. ప్రహ్లాద్ మట్టి బుద్ధుణ్ణి పీఠం మీద పెట్టాడు. తర్వాత తీశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

వసుమతి చేతిలోని తాడును కంటితో వెనక్కి పట్టుకుంటూ పోయి, అది మొదలైన ముఖం దగ్గర ఆగింది. అక్కడినుంచి పక్క ముఖానికి, ఇంకా పక్కకు. ఒక మూల, అందరి వెనక ఇరుక్కుని నిలబడ్డ ఒక చిన్న ఆడబొమ్మ దగ్గర ముక్కు ఆనేంతగా వంగింది.

"ఈవిడకు తాడు కట్టలేదేం?"

"ఆమె పీట దిక్కు చూస్తలేదమ్మా. పక్కనున్నామెను చూస్తున్నది."

"మోచేత్తో పొడుస్తోంది కూడానూ! చూడవే, చూడవే అంటోంది." వసుమతి ఫక్కున నవ్వింది. "మా చిన్నత్త పెళ్ళిళ్ళలో ఇలాగే. తను చూడదు, పక్కవాళ్ళను చూడమని చంపుతుంది."

షెడ్డులో అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాక వసుమతి పీఠం వైపు మళ్ళీ చూసింది. బుద్ధుడు అప్పుడు ప్రహ్లాద్ చేతిలో ఉన్నాడు.

"ఆయన్ని పెడితే వీళ్ళంతా తప్పు చూస్తున్నట్టుంది కదయ్యా. తీసేస్తే ఒక్కొక్కరికి ఒక్కోచోట కనిపిస్తున్నట్టుంది."

ప్రహ్లాద్ తల ఊపాడు. తను పొద్దుటినుంచి మాటల్లో పెట్టలేకపోయింది ఆమె తేలిగ్గా అనేసింది.

"సరే, ఖాళీగానే ఉండనివ్వండి. మరి వచ్చినవాళ్ళు ఎవరూ లేరేమని అడిగితే ఏం చెప్పను?"

"అడగనియ్యున్రి అమ్మా. నాకు అడగనీకె గిన్నేండ్లు పట్టింది."

"ఈయనతో వేగడం కష్టమే శశీ," అంది వసుమతి. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. "ఆ మట్టి బుద్ధుణ్ణి మాత్రం నాకు విడిగా ఇవ్వండి. కౌంటర్ మీద పెట్టుకుంటాను. రోజూ అగరొత్తి వెలిగించడానికి నాకొకరు కావాలి."

కారు సందు దాటాక ప్రహ్లాద్ తాళ్ళు విప్పి, మళ్ళీ చుట్ట చుట్టి, లుంగీ కట్టుకున్నాడు. పొద్దున సబ్బు పూసిన అచ్చు ఆరిపోయింది. ఇంకో పూత వేశాడు. జంగమ్మ నీళ్ళలో పీఓపీ చల్లి, చేత్తో కలిపి, గడ్డలు లేకుండా చిదిమింది. మొదటి పూత పల్చగా పోసి, అచ్చును నాలుగు పక్కలా తట్టాడు. గాలి బుడగలు పైకొచ్చి పగిలాయి. దాని మీద చిక్కటి పూత. తర్వాత ప్లాస్టర్‌లో ముంచిన నారను పొరలు పొరలుగా పరిచి నొక్కసాగాడు. పెద్ద పలక. నొక్కుతూ మోకాళ్ళ మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి పాకాడు.

"జంగమ్మా, చెక్కినాయన రోజు పని చేసి ఇంటికి పోతుండె గదా. పెండ్లాం అడిగి ఉంటది, ఈ దినం ఏం జేసినవని."

"ఏం చెప్పుంటడు?"

"పీట చేసిన, దిండు చేసిన, మనిషిని చెయ్యలే అని చెప్పుంటడు. అన్నం పెట్టే ముంగల ఆమె ఇంకేమన్న అడిగిందో లేదో."

జంగమ్మ నవ్వుతూ టబ్బు ఎత్తుకుని బయట కొళాయి దగ్గరికి పోయింది. గట్టిపడకముందే కడగకపోతే టబ్బు పనికి రాదు. పక్కింటామె అక్కడే ఉంది. నీళ్ళ గురించి, ఆమె కొడుకు జ్వరం గురించి కాసేపు మాట్లాడారు. స్టేషన్‌లో ఏదో బండి రాబోతున్నట్టు మైకు చెబుతోంది.

తిరిగి వచ్చేసరికి ప్రహ్లాద్ పలక పక్కన నేల మీద కూర్చుని, తల గోడకు ఆనించి ఉన్నాడు. కుడి చెయ్యి పలక మీద ఉంది. అలసి కూర్చున్నాడనుకుని ఆమె చప్పుడు కాకుండా మూల ఊడ్చింది. కుంచెలు కడిగింది. పక్కింటి పిల్లవాడి జ్వరం సంగతి చెప్పింది. అతను ఔ అని కూడా అనలేదు. దగ్గరికి వచ్చి, అద్దాలు ముక్కు మీదికి జారి ఉంటే సర్దబోయింది. సర్దలేదు. పక్కన కూర్చుని అతని చేతి మీద చెయ్యి వేసింది.

గట్టిపడుతున్న ప్లాస్టర్ వేడెక్కుతుంది. పలక బాగా వెచ్చగా ఉంది. చెయ్యి వెచ్చగా లేదు.

"అన్నా," అని పిలిచింది ఒకసారి. తర్వాత శశికిరణ్‌కు ఫోన్ చేసింది.

విమల ఆటోలో వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. ఆమె ఏడవడానికి ముందు జంగమ్మను ఒక్కటే అడిగింది.

"మ్యూజియంకెళ్ళి వచ్చినంక ఎట్లుండె?"

"ఖుషీగ ఉండె వదినా. నవ్వుకుంట ఉండె."

ఆ ఆదివారం విమల ఎక్కడికీ పోలేదు. దినాలు అయ్యాక కూతుర్ని వెంటబెట్టుకుని అమరావతి వెళ్ళి వచ్చింది. దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి, నీడన కూర్చుని, తెచ్చుకున్నది తిన్నారు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదంది జంగమ్మతో. కానీ అక్కడికి వచ్చినవాళ్ళలో ఏమీ లేనిచోట అంతసేపు నిలబడి చూస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారని, వాళ్ళేం చూస్తున్నారో అడగాలనిపించిందని చెప్పింది.

ఈలోగా కాచిగూడలో గోడ ఎదురుచూస్తోంది. శశికిరణ్, జంగమ్మ కలిసి అచ్చు విప్పారు. పలక ఎక్కడా చెడకుండా వచ్చింది. ఆకులు, కొప్పులు, దిండు మడతలు, మూలనున్న ఆమె మోచెయ్యి, అన్నీ. కాచిగూడ నుంచి మోసుకుపోవడానికి ట్రాలీ వచ్చింది. గోడకు సమంగా ఆనాలంటే వెనక ఎత్తుపల్లాలు గీకాలి. పలకను బోర్లించి శశికిరణ్ బ్లేడు తీసుకున్నాడు. ఒకచోట ఆగిపోయాడు.

"ఇది కూడా చదును చేయాలా జంగమ్మా?"

"వద్దు సారు. అటు దిక్కు చుట్టూ గీకున్రి. గోడకు అదేం అడ్డం రాదు."

అతను చుట్టూ గీకి, దాన్ని వదిలేశాడు. ట్రాలీలో గడ్డి పరిచి పలకను పడుకోబెట్టారు. పీఠం, చెట్టు, జనం కిందికి. పైకి కనిపిస్తున్న తెల్లటి వెనకవైపు, నార పోగుల మధ్య, అయిదు వేళ్ళు విప్పుకున్న ఒక అరచెయ్యి గుంట. చిటికెనవేలు కాస్త లోపలికి వంగి ఉంది.